కృత్రిమపాదము అమర్చిన పిమ్మట: నడక నిలుపుటలో పంచాయతీ బాధ్యత

గ్రామములో ఒకరికి కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు ఊరంతయు పరామర్శించును. కృత్రిమపాదము వచ్చిననాడు ఊరంతయు సంతోషించును. కాని ఆరు నెలల పిమ్మట ఆ వ్యక్తి దానితో నడచుచున్నాడా లేదా అని విచారించువారు అరుదు. ఈ పాఠములో మేము ఆ ఆరు నెలలను గూర్చియే చెప్పదలచితిమి. పాదము నిచ్చుట వైద్యశాల పని; అది అటకమీదికి ఎక్కకుండ చూచుట ఊరి పని.

కాలు ఏల పోవును?

చక్కెర వ్యాధి ముదిరినప్పుడు పాదములలో స్పర్శ తగ్గును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కొఱికినను తెలియదు. పుండు చీము పట్టి ఎముకవరకు పోయిన పిమ్మట కాలు తీయక తప్పని స్థితి కలుగును. రహదారి ప్రమాదములు, పనిచోట ప్రమాదములు మఱికొన్ని కారణములు. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతములలో రాతి గనులు, సున్నపు బట్టీలు జీవనాధారములైనందున బరువుల క్రింద కాలు నలుగు ప్రమాదమును మనము మఱువరాదు.

మన దేశమున కృత్రిమపాద చరిత్రలో 1968వ సంవత్సరము ముఖ్యమైనది. జైపూరులో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు ప్రమోద్ కరణ్ సేథీ కలసి రబ్బరుతో ఒక పాదమును రూపొందించిరి. అదియే జైపూరు పాదము. చెప్పులు లేకయే నడచుటకు, బురదలో దిగుటకు, నేలపై కూర్చుండుటకు అది వీలు కల్పించినది. పొలము పనివారి జీవితమును ఎఱిగి చేసిన పాదమది. 1981లో సేథీకి మెగసెసే బహుమానము లభించినది.

నడక ఏల ఆగిపోవును?

ఇంత మంచి పాదము లభించినను నడక ఆగుటకు నాలుగు కారణములు గలవు.

1. శస్త్రచికిత్స జరిగిన మొదటి నెలలలో మొండికాలు క్రమముగా సన్నబడును. అప్పుడు సాకెట్టు వదులై, రాపిడి కలిగి, బొబ్బలెక్కును.
2. కృత్రిమపాదముతో నడచుటకు ఎక్కువ శక్తి వ్యయమగును. మోకాలికి పైన తీసినవారికి శ్రమ ఇంకను అధికము. కొలదిసేపటికే ఆయాసము వచ్చినచో మనస్సు క్రుంగును.
3. రెంటచింతల ఎండ యెట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. వేసవిలో చెమటకు సాకెట్టు జారును. వర్షకాలమున నల్లరేగడి బురద పాదమును పట్టుకొనును.
4. పడిపోదుమను భయము, నలుగురు చూతురను సంకోచము.

నడక మానినచో కండలు బలహీనపడును. మోకాలు ముడుచుకొని చాపుటకు రాకుండును. చక్కెర వ్యాధి అదుపు తప్పి రెండవ కాలికి ముప్పు వాటిల్లవచ్చును. ఒకరి కూలి పోవుటయే గాక, వారికి తోడుండు మఱియొకరి కూలియు పోవును.

దూరము నుండి తోడ్పాటు

మాచర్ల నుండి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైబడి దూరము. ప్రతివారము అచ్చటికి పోయి వ్యాయామము నేర్చుకొనుట కూలివానికి సాధ్యమా? కావున వైద్యసలహాయే టెలిఫోనుపై ఇంటికి రావలెను. అమెరికాలోని కొలరాడోలో ఫిజియోథెరపీ పరిశోధకులు కాలు కోల్పోయిన వారితో క్రమముగా టెలిఫోనులో సంభాషించుచు, వారి నడకను వారే లెక్కించుకొని పెంచుకొను పద్ధతిని పరీక్షించిరి. మన దేశమున 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని ద్వారా గ్రామ ఆరోగ్య కేంద్రము నుండియే దూరముననున్న వైద్యునితో మాటాడ వీలగుచున్నది.

పద్ధతి సులభము. మొదట ఎంత నడవవలెనో వైద్యుడో, ఫిజియోథెరపిస్టో నిర్ణయింపవలెను. పిమ్మట మూడు పనులు: ప్రతిదినము నడకను వ్రాసికొనుట; వారమునకు ఒకసారి నిర్ణీతదినమున టెలిఫోనులో చెప్పుట; ఆటంకము కలిగిన అదే వారము దానిని తొలగించుట.

ఒక ఉదాహరణము ఊహింతము. ఒక గనికూలికి మోకాలి క్రింద కాలు తీసిరి. అతడు అడుగులు లెక్కింపనక్కఱలేదు. వీధిలోని కరెంటు స్తంభములే కొలమానము. మొదటివారము ఉదయము, సాయంకాలము నాలుగవ స్తంభమువరకు పోయి వచ్చినాడు. గోడమీది పంచాంగములో దినమునకు రెండు గీతలు పెట్టినాడు. రెండవవారము ఐదవ స్తంభము చేరినాడు. మూడవవారము గీతలు లేవు. ఆశా కార్యకర్త ఫోను చేసి "ఏల నడవలేదు?" అని గద్దింపక, "నడకకు ఏమి అడ్డము వచ్చినది?" అని అడిగినది. సాకెట్టు వదులై గుచ్చుకొనుచున్నదని తెలిసినది. ఫిజియోథెరపిస్టు ఫోనులో విని, మొండికాలికి మఱియొక మేజోడు తొడుగుమని చెప్పి, అప్పటికిని తగ్గకున్నచో సాకెట్టు మార్పించుకొమ్మనెను. ఆ ఒక్క ప్రశ్న లేకున్నచో ఆ పాదము ఆ వారమే మూలబడెడిది.

ఫోను చేయలేని పనులు

ఫోను చెవికి వినిపించును గాని చేతితో తాకి చూడలేదు. మొండికాలిని ప్రతిరాత్రి కడిగి, తడి ఆరనిచ్చి, క్రిందిభాగమును అద్దములో చూచుకొనవలెను. పాదము విప్పిన కొంతసేపటికిని ఎఱ్ఱదనము పోకున్నను, పుండు పడినను, చీము, జ్వరము, వాపు కనిపించినను, కృత్రిమపాదము తొడుగక వెంటనే వైద్యుని చూడవలెను. రొమ్ములో నొప్పి వచ్చినచో క్షణమైన ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను. మిగిలిన కాలిని సైతము దినము పరీక్షించుకొనవలెను.

పంచాయతీ కర్తవ్యము

1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణము వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గలవు. వికలాంగుల సంక్షేమము అందొకటి. కావున ఇది దయాధర్మము కాదు, మన విధి.

• గ్రామములో కాలు కోల్పోయినవారి పట్టిక తయారుచేసి, ఒక్కొక్కరి బాధ్యతను ఒక్కొక్క వార్డు సభ్యునికి అప్పగింపుడు. ఆశా కార్యకర్త వారపు ఫోను తప్పినచో ఆ సభ్యుడు ఇంటికి పోయి చూడవలెను.
• ఇంటి నుండి వీధి కొనవరకు గోతులు పూడ్పించి, నడుమ నీడపట్టున ఒక అరుగు కట్టింపుడు. వేసవిలో సూర్యోదయమునకు ముందే నడచునట్లు ప్రోత్సహింపుడు.
• ఫోను లేనివారికి సచివాలయములో వారమునకు ఒక సమయమును కేటాయింపుడు.
• సాకెట్టు మార్పుకై పోవువారిని ఒకే వాహనములో కలిపి పంపుడు. నరసరావుపేటకో, గుంటూరుకో ఒంటరిగా పోలేక మానుకొనువారు ఇందువలన పోగలరు.
• వైకల్య ధ్రువపత్రము, పింఛను అందినవో లేదో చూడుడు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము దివ్యాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలు చేసినది. ఉపకరణములకై కేంద్రప్రభుత్వ సహాయ పథకము 1981 నుండి గలదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామములో కృత్రిమపాదము పొందినవారెందఱు? వారిలో నేడు నడచుచున్నవారెందఱు?
2. నడువనివారిలో ఎవరికి సాకెట్టు చిక్కు, ఎవరికి భయము, ఎవరికి దారి చిక్కు?
3. వచ్చు గ్రామసభలోగా వీనిలో ఏది తీర్పగలరు?

మాచర్లలో అందఱును ఒకే పంక్తిని కూర్చుండి భుజించిన చాపకూటి కథను మన పల్నాటివారు నేటికిని చెప్పుకొందురు. ఒకనిని వెనుకకు వదలి ఊరు ముందుకు పోరాదన్నదే దాని సారము. కాలు పోయినవాడు తన కాలిపై తాను బజారుకు వచ్చి, తన కూరలు తాను కొనుక్కొని పోయిననాడు ఆ మాట మనయూరిలో నిజమగును. అందులకు కావలసినది వారమునకు ఒక ఫోను, ఒక ప్రశ్న, ఒక మంచి దారి.