వింత విన్నాక వాళ్లడిగే ప్రశ్న

ఆస్ట్రేలియాలో వామ్‌బ్యాట్ అనే జంతువు ఉంది. పొట్టి కాళ్లు, బొద్దు ఒళ్లు. గడ్డి మేసి బొరియల్లో కాపురం ఉంటుంది. దాని పెంటికలు మేక పెంటికల్లా గుండ్రంగా ఉండవు, పాచికల్లా పలకలు తేలి ఉంటాయి. క్లాసులో ఈ మాట చెబితే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. పేపర్లో వేస్తే చూపు అక్కడ ఆగుతుంది.

సైన్స్ పేజీ చూసే సబ్ ఎడిటర్లకూ, రేడియోలోనో వీడియోల్లోనో సైన్స్ చెప్పేవాళ్లకూ, బడిలో టీచర్లకూ ఇలాంటి వింతలు కరువు కాదు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఏటా ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతులు ప్రకటించిన వారమైతే వద్దన్నా వచ్చిపడతాయి. చాలామంది వింత చెప్పి, బొమ్మ పెట్టి వదిలేస్తారు. వినేవాళ్లు మాత్రం నవ్వడం అయ్యాక ఒక ప్రశ్న అడుగుతారు: ‘అది వాళ్లకెలా తెలిసింది?’ దానికి జవాబు మీ చేతిలో ఉన్నప్పుడే రాయడానికి కూర్చోండి.

వామ్‌బ్యాట్ విషయంలో ఆ జవాబు వింతకన్నా బాగుంటుంది. అమెరికాలో జార్జియా టెక్‌కు చెందిన ప్యాట్రీషియా యాంగ్, డేవిడ్ హూ బృందం టాస్మేనియాలో వాహనాల కింద పడిన వామ్‌బ్యాట్‌ల పేగులు తెప్పించుకుంది. జాతరలో బొమ్మలు చుట్టే పొడుగు బుడగ లాంటిదాన్ని పేగులో దూర్చి గాలి ఊదారు. పోల్చి చూడటానికి పంది పేగునూ ఊదారు. పంది పేగు దాదాపు సమంగా సాగింది. వామ్‌బ్యాట్ పేగు అలా సాగలేదు. చుట్టూ కొన్నిచోట్ల బిగువుగా, కొన్నిచోట్ల మెత్తగా ఉంది. పేగు చివరి భాగంలో మలం బాగా ఎండుతుంది. కండరాలు పదేపదే ముడుచుకుంటుంటే బిగువు చోట ఒక రకంగా, మెత్తని చోట ఇంకో రకంగా ఒత్తిడి పడి మూలలు తేలతాయి. బయటికొచ్చే దారి గుండ్రమే. ఇది తప్పక చెప్పండి, ఎందుకంటే ఆ దారే పలకగా ఉంటుందని అందరూ ముందు ఊహిస్తారు.

తేదీలు కూడా చూసుకోవాలి. ఈ బృందం మొదట 2018లో ఒక సదస్సులో చెప్పింది. 2019లో ఇగ్ నోబెల్ వచ్చింది. పూర్తి పరిశోధన పత్రం ‘సాఫ్ట్ మేటర్’ పత్రికలో 2021లో అచ్చయింది. సదస్సులో చెప్పింది తొలి మాట. పత్రంలో వివరం ఇంకా తేరింది. మీరు ఏ మాట ఆధారంగా రాస్తున్నారో ఒక్క వాక్యంలో చెబితే చాలు, చదివేవాడు మిమ్మల్ని నమ్ముతాడు. పత్రం మొత్తం చదివే తీరిక లేకపోతే ప్రయోగం ఎలా చేశారో రాసిన భాగమైనా చదవండి. కథ అక్కడే ఉంటుంది.

మరి పలకలు ఎందుకు? రాళ్ల మీదా దుంగల మీదా వేసి తన హద్దు చాటుకునే జంతువు కాబట్టి, దొర్లిపోకుండా ఉంటాయని అనుకుంటున్నారు. ‘అనుకుంటున్నారు’ అన్న మాటను దయచేసి కొట్టేయకండి. పేగు ఊది చూసింది ప్రయోగం, హద్దు సంగతి ఊహ. రెండూ ఒకే గొంతుతో చెబితే రెండోది తప్పని తేలిన రోజున మొదటిదీ పోతుంది.

శీర్షిక దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నేను పేజీ చూసిన రోజుల్లో ‘భూమ్యాకర్షణను జయించిన కప్ప’ అని పెట్టాను. మర్నాడు ఒక ఫిజిక్స్ లెక్చరరు ఫోన్ చేసి, “ఆకర్షణ ఎక్కడికి పోయిందండీ? అది లాగుతూనే ఉంది, అయస్కాంతం పైకి నెడుతోంది, అంతేగా” అన్నారు. ఆయన అన్నది నిజం. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో 1997లో ఆండ్రే గైమ్ చేసిన ప్రయోగం అది. నీటిని అయస్కాంతం చాలా బలహీనంగా నెడుతుంది. కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీరే. అయస్కాంత క్షేత్రం 16 టెస్లాలకు చేరేసరికి ఆ నెట్టుడు కప్ప బరువుకు సరిపోయి, కప్ప గాల్లో తేలింది. ఫ్రిజ్ తలుపు మీద అతికించే అయస్కాంతానికి అది వెయ్యి రెట్లకు మించిన బలం. ‘టెస్లా’ అనే మాట దగ్గర ఆగిపోయే పాఠకుడికి ఫ్రిజ్ అర్థమవుతుంది. ఆ కప్పకు 2000లో ఇగ్ నోబెల్ అందుకున్న గైమ్, 2010లో గ్రాఫీన్ పరిశోధనకు అసలు నోబెల్ పంచుకున్నారు. అందుకే పరిశోధకుణ్ని ఎగతాళి చేస్తూ, ప్రజల డబ్బు దండగ అంటూ ముగించే కథనాలంటే నాకు బాధ. ఎవరి పని ఎక్కడికి దారి తీస్తుందో ఆ రోజు రాసే మనకు తెలియదు.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. శ్రీకుమార్, జి. నిర్మలన్‌లకు 2002లో గణితంలో ఇగ్ నోబెల్ వచ్చింది. ఏనుగు ఎత్తు, ముందు కాలి పాదం చుట్టుకొలత తెలిస్తే దాని చర్మం మొత్తం వైశాల్యం లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. ‘ఎందుకది?’ అని నవ్వేవారికి జవాబుంది. ఒంట్లో వేడి బయటికి పోయేది చర్మం మీదుగా. ఏనుగు లాంటి భారీ శరీరానికి ఒంటి బరువుతో పోలిస్తే చర్మం తక్కువ. ఏనుగు వేడిని ఎలా తట్టుకుంటుందో తెలియాలంటే ఆ లెక్క కావాలి.

ఈ సంగతిని పలమనేరు వైపో, పార్వతీపురం వైపో చెప్పాల్సి వస్తే నేను సూత్రంతో మొదలుపెట్టను. అక్కడి రైతులు పొలం బురదలో ఏనుగు అడుగులు చూసినవాళ్లే. ముందు కాలి అడుగు చుట్టూ ఒక తాడు పరచమంటాను. ఆ పొడవుకు రెండింతలు సుమారుగా ఏనుగు భుజం ఎత్తు. చేను తొక్కి వెళ్లింది పిల్ల ఏనుగో పెద్దదో వాళ్లే కొలిచి చెబుతారు. చర్మం లెక్క ఆ తర్వాత చెప్పొచ్చు.