పిల్ల చెబితే నమ్మండి, 1098కి చెప్పండి
(పర్ణశాల, దుమ్ముగూడెం మండలం – అంగన్‌వాడీ, ఆరోగ్యలక్ష్మి లబ్ధిదారుల కోసం)



ఆరోగ్యలక్ష్మి భోజనానికి వచ్చినప్పుడు పిల్లల బరువు, టీకాల గురించి అడిగి తెలుసుకుంటున్నారు. అంతే ముఖ్యమైన ఇంకో సంగతి ఉంది: పిల్లలపై లైంగిక వేధింపులు. దీని గురించి మాట్లాడాలంటే మనకు మొహమాటం. ఆ మొహమాటమే తప్పు చేసేవాడికి ధైర్యం.

ఎవరితో జాగ్రత్త?

కొత్తవాళ్లతో పోవద్దని పిల్లలకు చెబుతాం. అది చాలదు. రావణుడు సన్యాసి వేషంలో వచ్చాడని పర్ణశాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో మగపిల్లలూ ఉన్నారు. వేధించినవాళ్లలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు.

పిల్లలకు ఏం నేర్పాలి?

• స్నానం చేయించేటప్పుడే చెప్పండి: బట్టల చాటున ఉండే చోట ఎవరూ ఊరికే ముట్టుకోకూడదు.
• ఎవరైనా అలా చేస్తే గట్టిగా ‘వద్దు’ అనాలి, అక్కడి నుంచి వచ్చెయ్యాలి, ఇంట్లో చెప్పాలి.
• ‘ఎవరికీ చెప్పకు’ అని ఎవరన్నా సరే, ముందు ఆ మాటే అమ్మకు చెప్పాలి.
• ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చిన బిడ్డ తిరిగి పోనని ఏడిస్తే కొట్టి పంపకండి. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి.

బిడ్డ చెబితే ఏం చేయాలి?

1. నమ్మండి. ‘నీ తప్పేం లేదు’ అనండి. నలుగురి ముందు పదే పదే చెప్పించకండి.
2. 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. డబ్బులు పడవు. దుమ్ముగూడెం పోలీస్ స్టేషన్‌లోనూ చెప్పవచ్చు.
3. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్నానం చేయించకండి, బట్టలు ఉతక్కండి. అత్యవసర వైద్యానికి ముందు పోలీసు కాగితం తెమ్మని అడగకూడదు. చికిత్స ఉచితం.

పెద్దమనుషుల్లో తేల్చుకోవచ్చా?

కుదరదు. 2012 నవంబర్ 14 నుంచి పోక్సో చట్టం అమల్లో ఉంది. 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసీ దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. డబ్బులిచ్చి రాజీ చేసినా కేసు పోదు. అట్లా వదిలేస్తే ఆ మనిషి రేపు ఇంకో బిడ్డ జోలికి పోతాడు.

మీ భయాలకు జవాబులు

బిడ్డను స్టేషన్‌కు తిప్పుతారా? తిప్పకూడదు. వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా మీ ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు.

మా బిడ్డకు కోయ భాషే వచ్చు? అనువాదకుణ్ని ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అడగండి.

పేరు బయటపడుతుందా? పేరు, ఫొటో, ఊరు పత్రికల్లో, టీవీల్లో బయటపెట్టడం నేరం. మీరు కూడా వాట్సాప్‌లో పెట్టకండి.

రేషన్, పింఛను ఆపేస్తారా? ఫిర్యాదు చేశారని ఏ పథకమూ ఆపరు. ఎవరైనా అలా బెదిరిస్తే అది కూడా పోలీసులకు చెప్పండి.

ఖర్చులెట్లా? ఉచితంగా వకీలును జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. కేసు నడుస్తుండగానే మధ్యంతర పరిహారం ఇవ్వమని ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చు.

చదవడం రాని పక్కింటివాళ్లకు ఇది చదివి వినిపించండి. 1098 నంబరును బిడ్డకు నోటికి వచ్చేలా నేర్పండి.