క్రెడిట్లన్నీ వాడెయ్యకు, అమ్మలూ

అమ్మలూ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి నీ ఏపీ పరీక్షల మార్కులు చదివి వినిపించింది. క్యాలిక్యులస్ బీసీలో 5, అమెరికా చరిత్రలో 5, కంప్యూటర్ సైన్స్‌లో 5, ఫిజిక్స్ సీ మెకానిక్స్‌లో 4. కాకినాడలో మీ అమ్మమ్మ మాత్రం ఏపీ అంటే మన రాష్ట్రం వాళ్లు పెట్టిన పరీక్షే అనుకుని ఇంకాస్త ఎక్కువ మురిసిపోతోంది. అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని నేను సరిదిద్దలేదు.

మీ నాన్న లెక్క కూడా విన్నాను. ఈ మార్కులకు యూనివర్సిటీలో వచ్చే క్రెడిట్లన్నీ కలిపితే మెకానికల్ డిగ్రీ మూడేళ్లలో అయిపోతుంది, ఏడాది ఫీజు మిగులుతుంది. కూడిక వరకూ బావ చెప్పింది కరెక్టే. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో సాధారణంగా 3 వచ్చినా క్రెడిట్ ఇస్తారు. అదే కాల్‌టెక్ అయితే 5 వచ్చినా ఒక్క క్రెడిట్ కూడా ఇవ్వదు. కానీ ఇంజనీరింగ్‌లో కోర్సులు ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నడుస్తాయి. మెకానిక్స్ అయితేనే స్టాటిక్స్, అది అయ్యాకే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఆ తర్వాతే మెషీన్ డిజైన్, చివర్న ప్రాజెక్టు. నీ చరిత్ర క్రెడిట్లు ఎన్ని ఉన్నా ఈ వరస ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

నా సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరాను. ఫస్టియర్ ఎగ్గొట్టానని వీధంతా గొప్పలు చెప్పుకున్నాను. రెండో వారంలో మ్యాథ్స్ సార్ బోర్డు మీద రెండు ఇంటెగ్రల్ గుర్తులు పక్కపక్కనే వేసి, "ఇదంతా మీకు ఫస్టియర్‌లో అయిపోయిందిగా" అంటూ డస్టర్‌తో తుడిచేశారు. నాకు వచ్చింది ఒక్క గుర్తు వరకే. చెయ్యెత్తి అడగడానికి సిగ్గేసింది. ఆ సారి మ్యాథ్స్ పోయింది, సప్లిమెంటరీలో గట్టెక్కాను.

అందుకే చెబుతున్నాను. క్రెడిట్ రికార్డులో ఎక్కించుకునే ముందు, నువ్వు చేరే యూనివర్సిటీలోనే ఆ కోర్సుకి ఇచ్చిన పాత ఫైనల్ పేపర్ ఒకటి సంపాదించు. డైనింగ్ టేబుల్ మీద ఫోన్ టైమర్ పెట్టుకుని, పుస్తకం మూసి రాయి. ముప్పావు వంతు మార్కులు వస్తే ఆ కోర్సు నిశ్చింతగా వదిలెయ్. రాకపోతే క్లాసులో కూర్చో, అందులో నామోషీ ఏమీ లేదు. తొందరపడి ఎక్కించుకుంటే తర్వాత తీయడం కుదరకపోవచ్చు, అడ్వైజర్ని ముందే అడుగు.

చరిత్ర క్రెడిట్ కళ్లు మూసుకుని తీసుకో. టెక్సస్‌లో డిగ్రీకి ఆరు క్రెడిట్ గంటల అమెరికా చరిత్ర తప్పనిసరి, కాబట్టి అది నిజంగా బరువు దించుతుంది. కంప్యూటర్ సైన్స్ పరీక్ష నువ్వు జావాలో రాశావు, మెకానికల్ వాళ్లు ఎక్కువగా పైథాన్, మ్యాట్‌ల్యాబ్ అడుగుతారు. క్రెడిట్ రావడం వేరు, అది డిగ్రీలో లెక్కకు రావడం వేరు. క్యాలిక్యులస్‌లో మొదటి కోర్సు వదిలెయ్, రెండోదాని సంగతి ఆ పేపర్ తేలుస్తుంది. మెకానిక్స్ మాత్రం, పేపర్ ఎంత బాగా రాసినా, మళ్లీ చదవమనే నా మాట. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు తడబడేది పెద్ద సాఫ్ట్‌వేర్ల దగ్గర కాదు. బ్రాకెట్ మీద ఏ బలం ఎటు లాగుతోందో కాగితం మీద బొమ్మ గీయమంటే ఆగిపోతారు.

మరి మిగిలిన టైమ్ ఏం చెయ్యాలంటావా? రేసు కారు కట్టే స్టూడెంట్ టీమ్‌లో చేరు, చేతులకు గ్రీజు అంటనీ. కానీ సెమిస్టర్‌కి 12 క్రెడిట్ గంటల కంటే తగ్గకు, స్కాలర్‌షిప్‌కి అది ముఖ్యం. మూడేళ్లలో ముగించేస్తే ఒక వేసవి ఇంటర్న్‌షిప్ పోతుందని కూడా బావకి చెప్పు. ఆయన లెక్కలో అది లేదు.

ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోగా ఆ పేపర్ రాసి ఫొటోలు తీసి నాకు పంపు. శనివారం కూర్చుని దిద్దుతాను. మార్కులు మీ నాన్నకి చెప్పనులే.

మీ మామయ్య