కర్ర ఏ చేతికి?

చిట్టీ,

ఉత్తరం అందింది. ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్‌లో నిన్ను ఆర్థో ఓపీకి వేశారనీ, వచ్చినవాళ్ళలో సగంమంది తుంటి నొప్పే అంటున్నారనీ రాశావు. నొప్పి ఎక్కడని అడిగి, చెయ్యి ఎటు పోతోందో చూడు. పిరుదు మీంచి పిక్కదాకా గీత గీస్తే ముందు నడుము పరీక్షించాలి. తుంటి పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద వేలు పెట్టి ‘ఈ పక్కకి తిరిగి పడుకోలేనమ్మా’ అన్నారంటే బాధ చాలామట్టుకు కీలుది కాదు, అక్కడ అతుక్కున్న టెండన్‌ది. బొటనవేలు వెనక్కీ తక్కిన వేళ్ళు గజ్జ మీదకీ వచ్చేలా తుంటిని చేత్తో పట్టుకుని చూపిస్తే, అప్పుడు కీలును అనుమానించు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, తొడ లోపలికి తిప్పి చూడు. కీలు అరిగినవాళ్ళకి సాధారణంగా ముందు తగ్గేది ఆ తిరుగుడే. మోకాలు నొప్పని కుంటుతూ వచ్చిన 12 ఏళ్ళ పిల్లాణ్ణి కూడా తుంటి చూడకుండా పంపకు. తుంటి బాధ మోకాల్లో తెలియడం ఉంది.

కుర్రవాళ్ళు గజ్జల్లో నొప్పంటే స్టెరాయిడ్లు వాడారా, మందు అలవాటుందా అని అడుగు. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళైతే సికిల్ సెల్ సంగతి కూడా అడుగు. తొడ ఎముక తలకి రక్తం అందక అది దెబ్బతినే జబ్బు మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు, ఎమ్మారైలో బయటపడుతుంది. అనుమానం వస్తే వ్యాయామాలు మొదలెట్టక ముందే డాక్టరుకి చూపించు.

ఇక నువ్వు రాసిన ఆ పెద్దావిడ సంగతి. తుంటి కీలులో గుజ్జు అరిగిందని ఇంట్లోవాళ్ళు మంచం దిగనివ్వడం లేదన్నావు. అరిగిన గుజ్జు వ్యాయామంతో తిరిగి రాదు, ఆ మాట దాచకు. బలం మాత్రం వస్తుంది. ఆవిడ కర్ర నొప్పి ఉన్న వైపే పట్టుకుంటోందా? చాలామంది అంతే, అదే సబబనిపిస్తుంది మరి. రెండో చేతికి మార్పించు. నడకలో ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము పక్కకి ఒరగకుండా పిరుదు పక్క కండరం గట్టిగా లాగిపట్టాలి. ఆ లాగుడూ ఒంటి బరువూ కలిసి కీలు మీద మనిషి బరువుకి 2.5 నుంచి 3 రెట్ల భారం వేస్తాయి. కర్ర అవతలి చేతిలో ఉంటే కండరానికి పని తగ్గుతుంది, కీలు తేలికపడుతుంది. చెప్పులేసుకుని చేతులు వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

వ్యాయామాలు మూడు చాలు: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, గోడ పట్టుకుని కాలు పక్కకి చాపడం. కాగితం మీద పది బొమ్మలు గీసిస్తే ఒక్కటీ చెయ్యరు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఫర్వాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలుకి దిగకపోతే లెక్క తగ్గించు. తేడా తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుందని ముందే చెప్పు, లేకపోతే పదో రోజున మానేస్తారు. ‘నొప్పికి మిషన్‌తో కరెంటు పెట్టమ్మా’ అని బతిమాలుతారు. పెట్టించుకుని హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటారు, కాళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. ఆ మిషన్లకే డబ్బు గుంజే చోట్లు చూశాను, నాకు ఒళ్ళు మంట.

ఈసారి ఆవిడ వచ్చినప్పుడు కొడుకునీ కోడలినీ కూడా పక్కన నిలబెట్టి చూపించు. మంచం దిగనివ్వనిది వాళ్ళే కదా. పీట బదులు ఎత్తు కుర్చీ వేయమను. కర్ర చెయ్యి మారాక నడక ఎలా ఉందో రాయి.

ఇట్లు,
పెద్దమ్మ