మజ్జిగ బిస్కట్ ఎందుకు పొంగుతుంది?

బిస్కట్ అనగానే మీకు ఏది గుర్తుకొస్తుంది? టీలో ముంచుకుని తినే పల్చని బిళ్ళ, అవునా? అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాల్లో, అంటే వర్జీనియా, జార్జియా, టెనెసీ, అలబామా వంటి చోట్ల, బిస్కట్ కావాలని అడిగి చూడండి. మీ చేతిలో పెట్టేది అది కాదు. అంగుళంన్నర, రెండంగుళాల ఎత్తున పొంగి, పైన ఎర్రగా కాలి, లోపల తెల్లగా, పొరలు పొరలుగా విడిపోయే మెత్తని చిన్న రొట్టె. దాన్ని వేడివేడిగా మధ్యకు విప్పి, వెన్న రాసుకుని తింటారు. కొందరు తీపిజొన్న కాడల రసం కాచి తీసిన పాకం పోసుకుంటారు. ఆ తీపిజొన్న మన జొన్నకు దగ్గర చుట్టమే.

లాటిన్‌లో బిస్కట్ అన్న మాటకు మూలార్థం "రెండుసార్లు కాల్చినది" అని. ఈ దక్షిణాది బిస్కట్‌ను మాత్రం ఒక్కసారే కాలుస్తారు. పేరు పాతది, వస్తువు కొత్తది.

ఇందులో ఈస్టు వెయ్యరు. గుడ్డు వెయ్యరు. ఇడ్లీ పిండిలా రాత్రంతా పులియబెట్టరు. పిండి తడిపిన అరగంటలో బిస్కట్ పళ్ళెంలో ఉంటుంది. మరి దాన్ని పైకి లేపుతున్నది ఏమిటి? ఆ సంగతి తెలుసుకుందాం. తెలిశాక మనమూ చేసి చూద్దాం.

రోకలితో దంచిన రోజులు

వంట సోడా దొరకని కాలంలో బిస్కట్ పిండిని దంచేవారు. పిండి ముద్దను బల్లమీద వేసి కర్రతోనో, రోకలితోనో బాదడం, మడవడం, మళ్ళీ బాదడం. అలా చేస్తే మడతల మధ్య కొంత గాలి చిక్కుకుంటుంది. 1824లో అచ్చయిన మేరీ రాండాల్ఫ్ వంటల పుస్తకంలో ఇలాంటి పిండిని అరగంట సేపు దంచాలని ఉంది. ఇంత చేసినా ఆ బిస్కట్ ఇప్పటిదానిలా పొంగేది కాదు. బిగువుగా, గట్టిగానే ఉండేది.

దంచినదెవరు? సంపన్నుల ఇళ్ళలో ఆ రోకలి పట్టిన చేతులు ఎక్కువగా బానిసలుగా ఉంచిన నల్లజాతి స్త్రీపురుషులవి. తెల్లవారకముందే లేచి వాళ్ళు దంచితే, ఉదయం యజమాని పళ్ళెంలోకి బిస్కట్ వచ్చేది. ఆ దేశంలో బానిసత్వం 1865లో రద్దయింది.

ఈలోగా రసాయన శాస్త్రం వంటింట్లో అడుగు పెట్టింది. కట్టెల బూడిదను నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచితే ఒక క్షారం వస్తుంది. దాన్ని తయారుచేసే మెరుగైన పద్ధతికే 1790లో అమెరికా ప్రభుత్వం తన మొట్టమొదటి పేటెంటు ఇచ్చింది. అది పొందినవాడు శామ్యూల్ హాప్కిన్స్. 1796లో అమీలియా సిమన్స్ రాసిన వంటల పుస్తకంలో ఆ బూడిద క్షారాన్ని పిండిలో వేసే పద్ధతి కనిపిస్తుంది. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనే ఇద్దరు వంట సోడాను పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. అరగంట దంచినా చేతులు చెయ్యలేని పనిని చిటికెడు పొడి కొద్ది నిమిషాల్లో చేయసాగింది.

చిటికెడు పొడిలో ఎంత గాలి?

ప్రయోగం 1: ఒక గాజు గ్లాసులో సగానికి పుల్లటి మజ్జిగ పోయండి. పావు చెంచా వంట సోడా వేసి కలపండి. మజ్జిగ బుసబుస పొంగి నురగ కడుతుంది. ఐదు నిమిషాలు ఆగి చూడండి. నురగ చాలావరకు అణగిపోతుంది. ఈ రెండు విషయాలనూ గుర్తు పెట్టుకోండి: పొంగడం, అణగిపోవడం.

పాలు పెరుగయ్యేటప్పుడు అందులోని బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మజ్జిగ పులుపు ఆ ఆమ్లానిదే. వంట సోడా అసలు పేరు సోడియం బైకార్బొనేట్, అది క్షారం. రెండూ కలిస్తే జరిగేది ఇది:

సోడియం బైకార్బొనేట్ + లాక్టిక్ ఆమ్లం → సోడియం లాక్టేట్ + నీరు + కార్బన్ డై ఆక్సైడ్

బుసబుస పొంగించినది చివరిదైన బొగ్గుపులుసు వాయువు. మైసూర్ బజ్జీకి మైదాలో పుల్లటి పెరుగూ, సోడా కలుపుతారు కదా! ఆ బజ్జీ లోపల గుల్లగా ఉండటానికీ కారణం ఇదే. అక్కడ కాగిన నూనె, ఇక్కడ ఓవెన్, అంతే తేడా.

ఇప్పుడు చిన్న లెక్క. 90 గ్రాముల లాక్టిక్ ఆమ్లం 84 గ్రాముల వంట సోడాతో సరిపోతుంది. పుల్లటి మజ్జిగ 100 మిల్లీలీటర్లలో సుమారు 0.8 గ్రాముల ఆమ్లం ఉంటుందనుకుందాం. మనం వాడబోయేది 180 మిల్లీలీటర్లు. అందులోని ఆమ్లం 1.44 గ్రాములు. దానికి సరిపడే సోడా 1.34 గ్రాములు. పావు టీచెంచా సోడా సుమారు 1.2 గ్రాములు తూగుతుంది. వంటల పుస్తకాల్లో "పావు చెంచా" అని ఊరికే రాయలేదు, చూశారా!

84 గ్రాముల సోడా నుంచి గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 24 లీటర్ల వాయువు వస్తుంది. ఆ లెక్కన 1.2 గ్రాముల నుంచి సుమారు 340 మిల్లీలీటర్లు. గ్లాసున్నర గాలి అన్నమాట!

ఎక్కువ వేస్తే ఇంకా పొంగుతుంది కదా అంటారేమో. మజ్జిగలోని ఆమ్లం అయిపోయాక మిగిలిన సోడా పొయ్యి వేడికి విడిపోయి, బట్టల సోడాగా మారుతుంది. బిస్కట్ సబ్బు రుచి వేస్తుంది, పసుపు రంగు మచ్చలు పడతాయి.

ప్రయోగం 2: కాస్త పసుపును నీళ్ళలో కలిపి, సోడా వెయ్యండి. ఎర్రబడుతుంది. ఇప్పుడు పుల్లటి మజ్జిగో, నిమ్మరసమో కొద్దికొద్దిగా పోయండి. మళ్ళీ పసుపు రంగు వస్తుంది. ఆమ్లం క్షారాన్ని సరిపుచ్చిందని పసుపే సాక్ష్యం చెబుతుంది.

వెన్న ఎందుకు చల్లగా ఉండాలి?

గాలి బుడగలు బిస్కట్‌ను గుల్ల చేస్తాయి. మరి పొరలు ఎలా వస్తాయి? అది వెన్న చేసే పని.

చల్లని వెన్నను పిండిలో చిన్న చిన్న పలుకులుగా కలుపుతారు. పిండిని మడిచి వత్తినప్పుడు ఆ పలుకులు పల్చని రేకులై పొరకూ పొరకూ మధ్య దూరుతాయి. బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెట్టగానే వెన్న కరుగుతుంది, అది ఉన్న చోట ఖాళీ ఏర్పడుతుంది. బజారు వెన్నలో సుమారు 16 శాతం నీరే. ఆ నీరు ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే సుమారు 1,700 మిల్లీలీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి పై పొరను ఎత్తుతుంది. చాలావరకు బయటికి పోయినా, పోయేలోగా పని చేసి పోతుంది.

వెన్న ఓవెన్‌లోకి వెళ్ళకముందే కరిగితే? పిండి దాన్ని పీల్చేసుకుంటుంది. పలుకులు ఉండవు, పొరలూ ఉండవు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మన అరచేయి వేడి దాదాపు అంతే. మే నెలలో మన వంటగది వేడి అంతకన్నా ఎక్కువే! అందుకే వెన్నను గడ్డకట్టించి, తురుముపీట మీద తురుముకోవాలి. చేత్తో నలిపేటప్పుడు అరచేయి తగలకుండా వేళ్ళ కొసలతోనే నలపాలి.

పరోటాకు మంచిది, బిస్కట్‌కు చెరుపు

గోధుమ పిండికి నీరు తగిలి, పిసికితే గ్లూటెన్ అనే సాగే పదార్థం తయారవుతుంది. ఇది మాంసకృత్తుల జాలం. పరోటా మాస్టరు మైదాను గంటలకొద్దీ నానబెట్టి, పిసికి, గాలిలో విసిరి పల్చని గుడ్డలా సాగదీయగలడంటే గ్లూటెన్ వల్లనే. జొన్న పిండిలో అది లేదు. అందుకే జొన్న రొట్టెను సాగదీయలేం, చేత్తో తట్టాలి.

బిస్కట్‌కు కావలసింది ఈ రెండింటికీ మధ్య. వాయువును పట్టి ఉంచడానికి కొద్దిగా గ్లూటెన్ కావాలి. ఎక్కువైతే బిస్కట్ రబ్బరులా సాగి, బిగుసుకుంటుంది. అమెరికా దక్షిణాదిలో మెత్తరకం గోధుమ పండుతుంది. దాని పిండిలో మాంసకృత్తులు 8, 9 శాతమే. బ్రెడ్డు చేసే పిండిలో 12, 13 శాతం ఉంటాయి. దక్షిణాదిలో బిస్కట్, ఉత్తరాది మైదానాల్లో బ్రెడ్డు పేరు తెచ్చుకోవడానికి ఆ నేలలో పండే గోధుమ ఒక కారణం. మన మైదాలో కొంచెం కార్న్‌ఫ్లోర్ కలిపితే ఆ మెత్తదనానికి దగ్గరవుతుంది, ఎందుకంటే కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ లేదు.

చేద్దాం రండి

కావలసినవి: మైదా 220 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 30 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 టీచెంచాలు, వంట సోడా పావు టీచెంచా, ఉప్పు అర టీచెంచా, గడ్డకట్టిన వెన్న 85 గ్రాములు, చల్లని చిక్కటి పుల్లమజ్జిగ 180 మిల్లీలీటర్లు. వెన్నలో ఉప్పు ఉంటే విడిగా వేసే ఉప్పు తగ్గించండి. మనం తాగే పల్చని మజ్జిగ పనికిరాదు. మూడు వంతుల పుల్లపెరుగుకు ఒక వంతు నీరు పోసి చిలకండి.

బేకింగ్ పౌడర్ ఎందుకంటే, సోడా ఇచ్చే వాయువు చాలావరకు కలిపిన వెంటనే వచ్చేస్తుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి ఆమ్లమూ ఉంటుంది. అది కొంత వాయువును తడి తగలగానే, మిగిలినదాన్ని వేడి తగిలాక ఇస్తుంది.

1. పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని ముందుగా ఓవెన్‌ను 230 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చేయండి.

2. పొడులన్నీ కలిపి జల్లించండి. తురిమిన వెన్న వేసి, వేళ్ళ కొసలతో రెండు నిమిషాలు నలపండి. శనగపప్పు అంత పలుకులు అక్కడక్కడా కనిపించాలి. వంటగది వేడిగా ఉంటే గిన్నెను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంతవరకూ తడి తగలలేదు కాబట్టి తొందర లేదు.

3. ఇప్పుడు మజ్జిగ పోయండి. గడియారం మొదలైంది! గరిటెతో పది, పదిహేను సార్లు తిప్పితే చాలు. ముద్ద గరుకుగా, కాస్త జిగటగా ఉంటుంది. నున్నగా చెయ్యాలని చూడకండి.

4. పొడి మైదా చల్లిన బల్లమీద వేసి, చేత్తో తట్టి, మూడు మడతలు పెట్టండి. ఇలా మూడుసార్లు. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు! మూడు మడతల్లో 27 పొరలు.

5. అంగుళం మందాన తట్టి, అంచుకు పిండి అద్దిన గ్లాసుతో నిట్టనిలువుగా నొక్కి కొయ్యండి. గ్లాసును తిప్పకండి. తిప్పితే అంచుల్లోని పొరలు అతుక్కుపోయి, బిస్కట్ ఒక పక్కకు ఒరుగుతుంది.

6. బిస్కట్లను పళ్ళెంలో ఒకదానికొకటి తగిలేలా పెట్టండి. పక్కలకు చోటు లేక పైకి లేస్తాయి. 12 నుంచి 15 నిమిషాలు, పైన ఎర్రబడేవరకూ కాల్చండి. ఏడెనిమిది బిస్కట్లు వస్తాయి. వేడి పళ్ళేన్ని మీరు తీయకండి, పెద్దవాళ్ళచేత తీయించండి.

మజ్జిగ పోసినప్పటినుంచి ఓవెన్ తలుపు మూసేదాకా పది నిమిషాలు మించకుండా చూసుకోండి. మొదటి ప్రయోగంలో నురగ అణగిపోవడం చూశారుగా! పిండిలోనూ అదే జరుగుతుంది. వేడి తగిలితేనే పిండి గట్టిపడి, బుడగల గోడలు నిలబడతాయి. అంతకుముందే వాయువు పోతే గట్టిపడేది బిస్కట్ కాదు, బిళ్ళ!

ఓవెన్ లేకపోతే? పూర్వం దక్షిణాదిలో మూత ఉన్న ఇనుప పాత్రలో బిస్కట్లు పెట్టి, కింద నిప్పులూ, మూతమీద నిప్పులూ వేసి కాల్చేవారు. పైనుంచి వేడి తగలకపోతే బిస్కట్ ఉడుకుతుంది కాని, పైన ఎర్రబడదు. మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నని సెగమీద చేసినా తినడానికి బాగానే ఉంటుంది, రంగు మాత్రం రాదు.

సరిగా రాకపోతే

మొదటిసారి బాగా రాకపోతే పారెయ్యకండి. విప్పి చూడండి, తప్పు ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. రబ్బరులా సాగితే ఎక్కువ పిసికారు. పొరలు లేకుండా నూనె ఓడితే వెన్న ముందే కరిగింది. పొంగక బిళ్ళలా ఉంటే ఆలస్యం చేశారు, లేదా ఓవెన్ వేడెక్కలేదు. సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైంది. అయితే ఒక్క జాగ్రత్త: రెండోసారి చేసేటప్పుడు ఒక్క మార్పే చెయ్యండి. నాలుగూ ఒకేసారి మారిస్తే బిస్కట్ బాగుపడవచ్చు గాని, ఏది బాగుచేసిందో తెలియదు. ప్రయోగశాలలోనైనా, వంటింట్లోనైనా పద్ధతి ఇదే.

ఆలోచించి చెప్పండి

1. తాజా పాలతో, వంట సోడా మాత్రమే వేసి చేస్తే బిస్కట్ ఎలా ఉంటుంది? ఎందుకు?

2. మజ్జిగ సగమే ఉంది, 90 మిల్లీలీటర్లు. మిగతా సగం పాలు పోశారు. పై లెక్క ప్రకారం ఎంత సోడా వెయ్యాలి?

3. పిండిని రెండేసి మడతలుగా ఐదుసార్లు మడిస్తే ఎన్ని పొరలు? మూడేసి మడతలుగా మూడుసార్లు మడవడం కన్నా ఇది మంచిదేనా? పొరల సంఖ్యతో పాటు, పిండిని ఎన్నిసార్లు తాకారో కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి.