కళ్లంలో కాటానా, దూరపు మిల్లుకు లారీయా?

వాణిజ్య పాఠం

నంద్యాల: వరికోతలు ముగిసి వడ్లు కళ్లాలకు చేరే రోజుల్లో ఆళ్లగడ్డ పరిసరాల్లో ఏ రైతు ఇంటి అరుగు మీద కూర్చున్నా వినిపించే ప్రశ్న ఒకటే. ఊరికి వచ్చిన బేరగానికి కళ్లంలోనే కాటా వేసి ఇవ్వడమా, లేక నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతున్న దూరపు ఊరికి మనమే లారీ మాట్లాడి పంపడమా? సంక్రాంతి దాటి పప్పుశనగ చేతికి వచ్చేసరికి ఇదే ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది.

చాలామంది దీనికి ధరను బట్టి జవాబు చెప్పుకుంటారు. ఫలానా ఊళ్లో క్వింటాలుకు రెండు వందలు ఎక్కువని ఫోనులో విన్నారంటే సాయంత్రానికి లారీ మాట్లాడతారు. దూరపు కొండలు నునుపు అన్నారు గదా. ధర చూసుకోవడం తప్పు కాదు గాని అది సగం లెక్క మాత్రమే. సరుకు ఏ చోట చేతులు మారుతుంది, ఆ సమయానికి డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి మిగతా సగం.

ముందు ఒక లెక్క చూద్దాం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవే గాని బజారు ధారణలు కావు. అయినా గాలిలో నుంచి తీసినవీ కావు. 2025-26 ఖరీఫ్ పంటకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. దానికి దగ్గరగానే ఉంచాము.

ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతుకు 100 క్వింటాళ్ల సోనా వడ్లు ఉన్నాయనుకుందాం. కళ్లం దగ్గరికి వచ్చిన బేరగాడు 2,400 రూపాయలు ఇస్తానన్నాడు. సంచులు, హమాలీ, లారీ అన్నీ అతనివే. కాటా ముగిసిన రోజునే సొమ్ము. దూరపు మిల్లువారు 2,600 అన్నారు, కాని సరుకు వారి గేటు దగ్గరికి చేరాలి. తేడా 200. ఇప్పుడు ఆ 200 నుంచి తీసివేతలు మొదలుపెట్టాలి. లారీ కిరాయి క్వింటాలుకు 100 రూపాయలు. ఎక్కించడానికీ దించడానికీ కలిపి హమాలీ 30. దారిలో ఆరిపోయేది, సంచి సందుల్లో రాలేది కలిపి నూటికి ఒక కిలో తరుగు అనుకుంటే 26 రూపాయలు. ఇంతవరకు 156. ఇంకా 44 మిగులుతున్నట్టే కనబడుతుంది. రైతులు చాలామంది ఇక్కడే లెక్క ఆపేస్తారు.

సొమ్ము నెల తర్వాత వస్తుందని మిల్లువారు చెప్పారనుకోండి. ఆ నెలకు రైతు తెచ్చిన అప్పు మీద నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 2,600 మీద అది 52 రూపాయలు. మొత్తం ఖర్చు 208. అంటే దూరం పంపిన క్వింటాలుకు చేతికి మిగిలేది 2,392. ఇంటి ముందు అమ్మినదానికంటే ఎనిమిది రూపాయలు తక్కువ! అదే సొమ్ము పది రోజుల్లో వస్తే వడ్డీ 17 రూపాయలతో పోతుంది, ఖర్చు 173 దగ్గర ఆగుతుంది, క్వింటాలుకు 27 చొప్పున నూరు క్వింటాళ్ల మీద 2,700 రూపాయల లాభం. ధర మారలేదు, కిరాయి మారలేదు. మారినది సొమ్ము అందే తేదీ ఒక్కటే.

ఆ 2,700 కూడా గట్టి నేల మీద నిలిచినది కాదు. గేటు దగ్గర మిల్లు గుమాస్తా ఒక పిడికెడు గింజలు నలిపి చూసి, "తేమ ఉంది, క్వింటాలుకు రెండు కిలోలు సూటు" అన్నాడంటే చాలు, 52 రూపాయలు తెగిపోతాయి. 27 లాభం కాస్తా 25 నష్టం అవుతుంది. మద్దతు ధరకు కొనే వడ్లలో తేమ 17 శాతం మించరాదన్న నిబంధన ఉన్నది, దాన్ని కొలిచే మీటరూ ఉన్నది. ప్రైవేటు బేరంలో మాత్రం చాలా చోట్ల గుమాస్తా వేళ్లే మీటరు.

ఈ కోత గురించి ఈ వ్యాసకర్తకు పుస్తకాల్లో కంటే ముందు ఇంట్లో తెలిసింది. నంద్యాలలో బి.కాం. చదివే రోజుల్లో మా మేనమామ ఒక లారీ పప్పుశనగ పక్క రాష్ట్రంలోని ఒక పప్పు మిల్లుకు పంపాడు. బేరమంతా ఫోనులోనే. లారీ శనివారం పొద్దుగూకాక చేరింది, గేటు మూసేశారు. సోమవారం సంచులు విప్పి రంగు తగ్గిందన్నారు, సూటు అన్నారు. వద్దంటే వెనక్కి తీసుకుపొమ్మన్నారు. అవతల రెండు రోజులు ఊరికే నిలబెట్టినందుకు లారీ డ్రైవరు హాల్టింగు అడుగుతున్నాడు. వెనక్కి తేవాలంటే మళ్లీ అంత కిరాయి. మామ ఫోనులో కాసేపు పలకలేదు, తర్వాత "సరే, దించుకోండి" అన్నాడు. సొమ్ము మూడు దఫాలుగా వచ్చింది, ఆఖరిది ఉగాది దాటాక. ఆ ఏడు నా కాలేజీ ఫీజు కోసం అత్త గాజులు తాకట్టుకు పోయాయి. కళ్లంలో బేరం కుదరకపోతే మామ వడ్ల మీదో శనగల మీదో పట్టా కప్పి ఇంకొకరి కోసం చూసేవాడు. మూడు వందల కిలోమీటర్ల అవతల, లారీ ఇంజను ఆపి ఉన్న చోట, ఆ వీలు లేకపోయింది.

చట్టం ఏమంటుంది? 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం రైతుకూ వ్యాపారికీ ఒకటే. వేరే ఒప్పందం ఏమీ లేనప్పుడు, అమ్మిన సరుకును అది అమ్మకం నాటికి ఎక్కడ ఉన్నదో అక్కడే అప్పగించాలని 36వ సెక్షను చెబుతుంది. అంటే కళ్లంలో అప్పగింత అన్నది రైతు కోరే దయ ఏమీ కాదు, చట్టం మొదట తలపెట్టిన పద్ధతే అది. గేటు దగ్గర అప్పగింత కావాలంటే కొనుగోలుదారే ఆ షరతు పెట్టుకోవాలి, పెట్టినందుకు ధరలో చూపించాలి.

నష్టం ఎవరిది అన్న ప్రశ్నకు 26వ సెక్షను జవాబు. వేరే ఒప్పందం లేకపోతే సరుకు ఎవరి సొత్తు అయితే నష్టభారమూ వారిదే. కొనుగోలుదారుకు పంపడానికని సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, పైకి చూడటానికి అది కొనుగోలుదారుకు అప్పగించినట్టే అని 39వ సెక్షను. ఇది విని రైతు సంతోషించవచ్చును. కాని "మిల్లు గేటు చేరవలె, అక్కడి తూకమే తూకం" అన్న ఒక్క మాట బేరంలో చేరిందంటే ఆ సంతోషం చాలావరకు పోయినట్టే. దారిలో వాన పడినా, లారీ బోల్తా పడినా, సంచులు తగ్గినా అవన్నీ చివరికి రైతు లెక్కలోకే వస్తాయి. అందుకే లారీ బయలుదేరే ముందు ఇక్కడి వేబ్రిడ్జి చీటీ ఒకటి తీసుకోవాలి. అక్కడి తూకానికీ ఇక్కడి తూకానికీ తేడా ఎంత దాటితే ఒప్పుకోరో ముందే రాయించుకోవాలి. బస్తా లెక్కన బేరమైతే బస్తాకు ఎన్ని కిలోలో కూడా రాయించాలి. ఇది చిన్న విషయమని అందరూ అంటారు, తగాదాలు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే.

ఆళ్లగడ్డలోనే ఇంకో రకం అమ్మకందారులు ఉన్నారు, వారిని చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఇక్కడి శిల్పుల రాతి విగ్రహాలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది, దూరదేశాల దేవాలయాలకు కూడా ఇక్కడి విగ్రహాలు పోతాయి. విగ్రహం దారిలో ముక్కు విరిగితే దాని బదులు ఇంకొకటి తూచి ఇచ్చేది కాదు, మళ్లీ నెలల పని. పైగా భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. నష్టం నూటికి నూరు. అయినా శిల్పి రైతు కంటే గట్టి చోట నిలబడి ఉంటాడు. ఆ విగ్రహం ఒకరు కొలతలు చెప్పి చేయించుకున్నది, బయానా ముందే ముట్టింది, కొన్నవారే వచ్చి ముఖం చూసుకుని తీసుకుపోతే దారి భయం వారిదే అవుతుంది. రైతు సరుకు అలా కాదు. ఏ కళ్లంలో సోనా అయినా సోనాయే అని మిల్లువాడు అనుకుంటాడు, బయానా లేకుండానే లారీ రమ్మంటాడు.

రైలు రోజుల్లో దీనికి ఒక విరుగుడు ఉండేది. సరుకు సెల్ఫ్ పేరున బుక్ చేసి, రైల్వే రసీదును హుండీతో కలిపి బ్యాంకు ద్వారా పంపేవారు. అవతలివాడు బ్యాంకులో సొమ్ము కడితేనే రసీదు చేతికి వచ్చేది, రసీదు ఉంటేనే స్టేషనులో సరుకు వచ్చేది. అమ్మకందారు తన హక్కును ఇలా నిలుపుకోవచ్చునని 25వ సెక్షను చెబుతుంది. సరుకు మీద హక్కు పత్రాల జాబితాలో రైల్వే రసీదు పేరు చట్టంలోనే ఉన్నది. లారీ రసీదు పేరు లేదు. ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో తెరిచిన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం కూడా కోవెలకుంట్ల వైపుగా పోయింది గాని ఇటు రాలేదు. కాబట్టి ఇక్కడి సరుకుకు లారీయే గతి. లారీ రసీదును కూడా సెల్ఫ్ పేరున తీసుకుని బ్యాంకు ద్వారా పంపవచ్చును గాని, ఆ కాగితం లేకుండా సరుకు దించవద్దని ట్రాన్స్‌పోర్టు వారితో ముందే గట్టిగా చెప్పి రసీదు మీద రాయించాలి.

ట్రాన్స్‌పోర్టు వారి బాధ్యత 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద వస్తుంది. ఎక్కువ రిస్కు రేటు కట్టి సరుకు విలువ చెప్పకపోతే వారి బాధ్యతకు ఒక పరిమితి ఉంటుంది. నష్టం జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే దావా నిలవదు. "చూద్దాం, మాట్లాడదాం" అంటూ గడిపితే ఆరు నెలలు ఇట్టే అయిపోతాయి.

చెక్కు విషయంలో మాత్రం దూరం భయం కొంత తగ్గింది. చెక్కు తిరిగి వస్తే, ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన 15 రోజుల్లో అవతలివాడు కట్టకపోతే 138వ సెక్షను కింద కేసు. 2015 సవరణ తర్వాత, చెక్కును మన ఖాతాలో వేసి ఉంటే మన బ్యాంకు శాఖ ఉన్న చోటి కోర్టులోనే ఆ కేసు వేయవచ్చును. ఎక్కడి మిల్లు యజమాని అయినా ఇక్కడికి రావలసిందే. అందుచేత చెక్కు పుచ్చుకుంటే సొంత ఊరి ఖాతాలోనే వేయాలి.

సొమ్ము తేదీ ఎంత ముఖ్యమో పార్లమెంటుకు కూడా తెలియకపోలేదు. 2020లో వచ్చిన వ్యవసాయ చట్టాల్లో ఒకటి, యార్డు బయట కొన్న వ్యాపారి రైతుకు అదే రోజు, తప్పనిసరైతే మూడు పనిదినాల్లోపు చెల్లించాలన్నది. ఆ చట్టాల మంచి చెడ్డల జోలికి ఇక్కడ పోవడం లేదు. 2021 నవంబరు చివర అవి రద్దయ్యాయి, వాటితోపాటే ఆ మూడు రోజుల గడువూ పోయింది. కాబట్టి గడువు రైతే బేరంలో పెట్టుకోవాలి.

ఇంకొక దారి ఉన్నది. సరుకును కదలనీయకుండా ధరనే దూరం నుంచి తెప్పించుకోవడం. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ ఉద్దేశం అదే. సరుకు మన యార్డులోనే ఉంటుంది, నాణ్యత అక్కడే పరీక్షిస్తారు, పాట పాడేవాడు ఎక్కడైనా ఉండవచ్చును. పద్ధతి బాగున్నది గాని చూడని గింజకు మంచి ధర పెట్టే ధైర్యం పరీక్ష చీటీ మీద నమ్మకం ఉంటేనే వస్తుంది. నంద్యాల సోనా బియ్యం కోసం దూరపు వ్యాపారులు నేటికీ మనిషిని పంపి పాతవో కొత్తవో గింజ నోట్లో వేసుకుని చూసి కొంటారు.

అయితే లారీ ఎప్పుడూ కట్టవద్దా? కట్టవచ్చును. ఊళ్లో బేరగాళ్లందరూ కూడబలుక్కుని ధర తొక్కిపట్టినప్పుడు బయటికి పోవడం తప్ప గత్యంతరం లేదు. ఒక లారీ నిజంగా బయలుదేరిందని తెలిస్తే మర్నాడు కళ్లంలో ధర కదలడం ఈ ప్రాంతంలో అందరూ చూసినదే. అవతలివాడు పాత ఖాతాదారు అయినప్పుడు, సగానికి మించి సొమ్ము లారీ కదలక ముందే ఖాతాలో పడినప్పుడు, గేటు దగ్గర కోత ఎంతకు మించదో కాగితం మీద ఉన్నప్పుడు, నలుగురు రైతులు కలిసి లారీ నింపి ఒక మనిషిని వెంట పంపినప్పుడు పంపడమే మేలు. వెంట పోయే మనిషి ఖర్చు నూరు క్వింటాళ్ల మీద పంచితే ఎంతో పడదు. ఆ మనిషి ఉంటే గుమాస్తా వేళ్లు కూడా కాస్త మెల్లగా నలుపుతాయి. ఖాతాలో పడటమంటే ఫోనుకు వచ్చిన మెసేజీ కాదు, బ్యాంకులో చూసుకున్న నిల్వ.

మా మామ ఇప్పటికీ పప్పుశనగ వేస్తాడు. కిందటి కోతకు ఒక బేరగాడు కళ్లంలో అడిగిన ధర కంటే దూరపు మిల్లు 150 ఎక్కువ చెప్పింది. మామ మిల్లువారిని రెండే అడిగాడు: మీ మనిషి ఇక్కడికి వచ్చి చూసి కాటా వేసుకుంటాడా, లారీ మీదా? వారు 60 తగ్గించి వచ్చారు. కాటా మా వేపచెట్టు కింద పడింది.