నాడు తిన్న రొట్టెకు నేడు ఏడ్వవలెనా?

పాఠ్యభాగములు: ఆదికాండము 25:29–34, నిర్గమకాండము 16:13–30, యోహాను 12:1–8, 2 కొరింథీయులకు 7:8–11

ముఖ్యాంశము: చేసిన తప్పును గూర్చి దుఃఖపడవలెను. ఎరుగని ధరను గూర్చి దుఃఖపడనక్కరలేదు.



మన షాబాదు, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ఏ ఇంటి అరుగుమీద కూర్చుండినను ఒక మాట వినబడుచున్నది. "మా నాయన ఆ రెండెకరములు అమ్మకయుండిన యెడల నేడు మాకు ఈ గతి పట్టకపోవును" అనునదే ఆ మాట. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరువబడెను. పట్నము చుట్టు అవుటర్ రింగు రోడ్డు వచ్చెను. తరువాత మన షాబాదు మండలములోని చందన్‌వెల్లిలో కర్మాగారములు లేచెను. ఒకప్పుడు వేలకు అమ్ముడుపోయిన ఎకరము నేడు కొన్నిచోట్ల కోట్లు పలుకుచున్నది. నాడు అమ్మినవారిలో కొందరు ఇప్పుడు ముసలివారై మంచము పట్టియున్నారు. వారు వినుచుండగానే వారి కుమారులు ఈ మాట పలుకుచున్నారు.

ఈ మాటలో దుఃఖమున్నది, నింద కూడ ఉన్నది. అది న్యాయమైన నిందయేనా? మన సొంత పొలమును గూర్చి మనము తేటగా ఆలోచింపలేము. నాతాను ప్రవక్త దావీదునకు ముందుగా వేరొకని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను గదా! ఆలాగే మనమును మొదట దూరదేశపు మనిషి సంగతి ఒకటి విని, తీర్పు తీర్చి, ఆ తీర్పును మన యింటికి తెచ్చుకొందము.

1. రెండు రొట్టెలకు పదివేల నాణెములు

బిట్‌కాయిన్ అను మాట పట్నములో పనిచేయు మన పిల్లల నోట మీరు వినియుందురు. నాణెమని పేరే గాని అది చేతితో పట్టుకొనదగినది కాదు. ఎవరి పేర ఎన్ని నాణెములున్నవో చూపు ఒక లెక్కల పుస్తకము వేలాది కంప్యూటర్లలో ఒకే రీతిగా వ్రాయబడియుండును. ఒకడు దొంగలెక్క వ్రాసినయెడల తక్కినవి ఒప్పుకొనవు. ఏ ప్రభుత్వమును దానిని అచ్చువేయదు. లెక్క వ్రాయు పనిలో కష్టమైన గణితమును ముందుగా తేల్చిన కంప్యూటరునకు కొన్ని నాణెములు బహుమానముగా వచ్చును. 2009 జనవరి 3న ఈ పుస్తకము ఆరంభమాయెను. మొత్తము 2 కోట్ల 10 లక్షల నాణెములకు మించి పుట్టకూడదని దాని నియమము.

ఆరంభములో వీటితో ఉప్పు పొట్లమైనను కొనుటకు వీలులేకుండెను. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమందు లాస్లో హన్యెట్స్ అను కంప్యూటరు పనివాడు తన యంత్రముతో ఈ నాణెములను వేలకొలది సంపాదించియుండెను. 2010 మే నెలలో అతడు, "నాకు రెండు పిజ్జాలు తెప్పించి ఇచ్చువానికి పదివేల నాణెములు ఇచ్చెదను" అని ప్రకటించెను. పిజ్జా అనగా జున్ను, కూరముక్కలు పైన పరచి కాల్చిన వెడల్పైన రొట్టె. కాలిఫోర్నియాలో జెరెమీ స్టర్డివాంట్ అను పందొమ్మిదేండ్ల పడుచువాడు తన సొమ్ముతో ఆ రొట్టెలు కొని లాస్లో ఇంటికి పంపించెను. మే 22న బేరము ముగిసెను. ఆ పదివేల నాణెముల విలువ నాడు 41 డాలర్లు, అనగా మన రూపాయలలో రెండు వేలకు లోపు.

2024 డిసెంబరులో ఒక్క నాణెము లక్ష డాలర్లు దాటెను. ఆ చొప్పున ఆ రెండు రొట్టెల వెల ఎనిమిది వేల కోట్ల రూపాయలకు పైబడినది! లోకమంతయు ఏటేట మే 22న ఆ దినమును తలంచుకొని నవ్వుకొనుచున్నది. లాస్లో మాత్రము, నాడు ఆ నాణెములకు విలువ లేకుండెననియు, వాటితో రొట్టె కొనగలుగుటయే గొప్పగా తోచెననియు, తనకు విచారము లేదనియు చెప్పెను. ఇతడు బుద్ధిహీనుడా? మనము తీర్పు తీర్చవలెను.

2. ఇతడు ఏశావు వంటివాడా?

మనకు వెంటనే ఏశావు జ్ఞాపకమునకు వచ్చును. ఆకలిగొని వచ్చి, ఒక పూట చిక్కుడుకాయల వంటకమునకు జ్యేష్ఠత్వమును అమ్మివేసెను. రెండు కథలును ఒక్కటే అని తోచవచ్చును. అయితే నిదానించి చూడుడి. జ్యేష్ఠత్వము ఎట్టిదో ఏశావునకు తెలియును. అది తండ్రి యింటిలో నాటికే విలువగలది. తెలిసి తృణీకరించెను. అదియే లేఖనము అతనిమీద మోపిన తప్పు. అమ్మిన తరువాత ధర పెరిగినదని లేఖనము అతనిని తప్పుపట్టలేదు.

లాస్లో దేనిని తృణీకరించెను? నాడు ఎవడును విలువ కట్టని దానిని ఇచ్చి, ఆకలి తీర్చు రొట్టెను తీసికొనెను. తెలిసి తృణీకరించుట వేరు, తెలియక వెచ్చించుట వేరు. మొదటిది పాపము. రెండవది మనుష్యుడై యుండుట మాత్రమే.

ఇంకొక సంగతి. ఎవరును వెచ్చింపని నాణెము పుస్తకములోని అంకెయే. ఒకడు రొట్టె అమ్మి దానిని పుచ్చుకొన్నప్పుడే అది డబ్బు అనిపించుకొనెను. అందరును దాచియుంచినయెడల దాచినది ఉత్త లెక్కయే అయి మిగిలియుండును. బాటమీద మొదట నడచినవాని కాలికి ముండ్లు గ్రుచ్చుకొనవచ్చును గాని అతడు నడువనిది బాట పడదు.

3. ఎవడును పోగొట్టుకొనని ధనము

"దాచియుంచినయెడల ఎనిమిది వేల కోట్లు గదా" అని మీరు అందురు. ఎవడు దాచియుండును? 2011 ఫిబ్రవరిలో నాణెము ఒక డాలరు పలికెను. 41 డాలర్ల సొమ్ము పదివేల డాలర్లు అయినప్పుడు అమ్మనివాడెవడు? ఆ యేడు జూనులో ధర ముప్పది డాలర్లవరకు లేచి, నవంబరునకు రెండు మూడు డాలర్లకు పడిపోయెను. 2017 డిసెంబరులో ఇరువది వేల డాలర్లకు చేరువాయెను. మరుసటి సంవత్సరాంతమునకు నాలుగు వేలకు దిగెను. 2021 నవంబరులో అరువది ఎనిమిది వేలు దాటి, ఏడాదిలోనే పదునారు వేలకు వచ్చెను. ఇన్ని లేచుటలలో ఆశపడక, ఇన్ని పడుటలలో భయపడక, పదునాలుగేండ్లు కదలక కూర్చుండిన మనిషిని ఊహించి, అతనితో మనలను పోల్చుకొని ఏడ్చుచున్నాము. అట్టివాడు నూటికి, వేయికి ఒకడైనను ఉండునేమో.

మన నేల సంగతియు ఇంతే. 1996లో వెలువడిన 111 నెంబరు జీ.ఓ. జంట జలాశయములైన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల కాపుదల నిమిత్తము 84 గ్రామములలో కట్టడములకు అడ్డుకట్ట వేసెను. మొయినాబాదు, చేవెళ్ల వైపు ఊళ్లు అనేకములు దానిలో నుండెను. ఆ దినములలో ఈ నేలకు ఇంత ధర వచ్చునని రైతు ఎట్లెరుగును? బోరు ఎండి, అప్పువాడు గుమ్మము తట్టుచుండగా, ఇరువదేండ్ల తరువాతి ధరకొరకు కూతురి పెండ్లి ఆపవలసియుండెనా?

4. దాచుకొన్నవారి సంగతి

వెచ్చించినవాడు నష్టపోయెను, దాచినవాడు బాగుపడెను అని కూడ తేల్చి చెప్పలేము. వేల్స్ దేశమందు న్యూపోర్టు పట్టణస్థుడు జేమ్స్ హోవెల్స్ సుమారు 8,000 నాణెములు దాచియుంచెను. వాటి రహస్యపు తాళము ఉన్న కంప్యూటరు భాగము 2013లో పొరబాటున చెత్తలో పడి పట్టణపు చెత్తదిబ్బకు చేరెను. నాటినుండి ఆ దిబ్బను త్రవ్వనిమ్మని అతడు అధికారులను వేడుకొనుచు వచ్చెను. 2025 జనవరిలో న్యాయస్థానమును అతని దావాను త్రోసివేసెను. 2014లో టోక్యోలోని మౌంట్ గాక్స్ అను నాణెముల అంగడి మూతపడగా, దానిని నమ్మి అక్కడ దాచినవారి లక్షల నాణెములు మాయమాయెను. వీరిని ఎగతాళి చేయుటకు ఇది చెప్పుట లేదు. ఒకడు రొట్టె తిని మరచిపోయెను, ఇంకొకడు దాచి పండ్రెండేండ్లు దిబ్బవైపు చూచుచుండెను.

అరణ్యములో ఇశ్రాయేలీయులు మరునాటికి మిగుల్చుకొన్న మన్నా పురుగుపట్టెను. అయినను విశ్రాంతి దినముకొరకు దేవుని మాటచొప్పున ఉంచుకొన్నది చెడిపోలేదు. కావున దాచుట పాపమని ఈ పాఠము చెప్పదు. విత్తనపు గింజ దాచనివాడు రైతు కాడు. నేటి ఆకలికి దేవుడిచ్చినదానిని నేడు తినుటలో సిగ్గులేదని మాత్రమే చెప్పుచున్నది.

5. బేతనియలో వేసిన లెక్క

బేతనియలో మరియ విలువగల అత్తరును ప్రభువు పాదములకు పూసినప్పుడు, దాని ధర మూడు వందల దేనారములని లెక్కకట్టినవాడు ఇస్కరియోతు యూదా. లెక్కలో తప్పులేదు. అయితే ఆ లెక్కకు ధర తెలిసెను గాని, ఆ ధరతో ఏమి జరిగెనో కనబడలేదు. ఇల్లంతయు నిండిన వాసన ఆ లెక్కలోనికి ఎక్కలేదు.

మనమును ఆలాగే చేయుచున్నాము. పొలమునకు నేటి ధర కట్టుదుము. ఆ సొమ్ముతో నిలిచిన ప్రాణమునకు, తీరిన అప్పునకు, చదివిన చదువునకు ధర కట్టము. ఒక పళ్లెమునే తూచు త్రాసు న్యాయమైన త్రాసు కాదు.

6. దుఃఖపడవలసినది ఏది?

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు రెండు దుఃఖములను వేరుపరచెను. ఒకటి దేవుని వైపు త్రిప్పి మనిషిని బాగుచేయును. ఇంకొకటి లోకసంబంధమైనది, అది మరణమునకు నడుపును. వీటిని వేరుచేయుటకు మూడు ప్రశ్నలు అడుగుకొందము. నాడు నాకు తెలిసినదేమి? ఆ సొమ్ముతో చేసినదేమి? దానివలన ఎవరికైనను అన్యాయము జరిగెనా?

పొలమమ్మి కల్లు దుకాణములో, పేకాటలో పోసినవాడు పశ్చాత్తాపపడవలెను. భార్యకు చెప్పక, తమ్ముని భాగము కలిపి అమ్మినవాడు ఒప్పుకొని సరిదిద్దవలెను. అయితే ఆ తప్పు నేటి ధరవలన పుట్టలేదు. ధర పెరుగకపోయినను అది తప్పే. ఆలాగే ధర పెరిగినంత మాత్రమున నాడు చేసిన మంచిపని తప్పు కాజాలదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మోసముచేతనో బలవంతముచేతనో తీసికొనబడిన నేల సంగతి వేరు. అది నాబోతు ద్రాక్షతోట వంటిది. విచారపడవద్దని చెప్పుట, న్యాయము అడుగవద్దని చెప్పుట కాదు.

7. విచారము వేయు ఉచ్చు

ఈ విచారమును ఊరకే పెంచుకొన్నయెడల అది మనలను మోసగాని వాకిట నిలుపును. "అప్పుడు బిట్‌కాయిన్ పోగొట్టుకొంటివి, ఇప్పుడు దీనిని పోగొట్టుకొనకుము" అని వాడు పిలుచును. గెయిన్ బిట్‌కాయిన్ అను పథకము నెలకు నూటికి పది చొప్పున 18 నెలలు చెల్లించెదమని మన దేశములో అనేకులను ఆకర్షించెను. దాని పెద్దను 2018లో పోలీసులు పట్టుకొనిరి. నమ్మినవారి సొమ్ము పోయెను. ఇట్టి నాణెములు ఉంచుకొనుటను మన దేశచట్టము నిషేధింపలేదు గాని వాటిని చెల్లుబాటు డబ్బుగా అంగీకరింపలేదు. 2022 ఏప్రిల్ 1 నుండి లాభముమీద నూటికి 30 పన్ను విధించెను. తెలిసి, అప్పు చేయక ఒకడు కొనుట వేరు. తండ్రి అమ్మిన పొలమును ఒక్క దెబ్బతో రాబట్టవలెనని ఉన్న అరెకరము తాకట్టుపెట్టుట వేరు. ఇంటింట ఈ మాట పిల్లలకు చెప్పుడి.

ముగింపు

ఇప్పుడు తీర్పు చెప్పుడి. ఆ రొట్టెలు కొన్నవానిని నిర్దోషియని విడిచిపెట్టితిమి గదా. అట్లయిన మన యింటిలోని ముసలివానిని ఎందుకు ఇంకను బోనులో నిలిపియున్నాము? 2018 ఫిబ్రవరిలో లాస్లో మరల అవే నాణెములతో రెండు పిజ్జాలు కొనెను. ఈసారి ఒక నాణెములో నూరవ వంతైనను పట్టలేదు. నవ్వి తినగలిగెను. మన పెద్దలకు ఆ నవ్వు మనము ఇయ్యవలెను.

ఈ వారము మీ తండ్రియొద్ద కూర్చుండుడి. "నాయనా, ఆ పొలము ఎంతకు అమ్మితివి?" అని అడుగకుడి. "ఆ పైకము దేనికి పనికివచ్చెను?" అని అడుగుడి. అక్క పెండ్లి, అమ్మ ఆపరేషను, నీ కాలేజీ ఫీజు అని ఒక్కొక్కటి లెక్క చెప్పును. అప్పుడు ఆ రెండెకరములు ఎక్కడికి పోయెనో తెలియును. వాటిలో కొంత భాగము ఆయన యెదుట కూర్చుండి ప్రశ్న అడుగుచున్నది.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏశావు అమ్మకమునకును, తెలియక చేసిన అమ్మకమునకును భేదమేమి?
2. మన యింటిలో ధర పెరిగినందున మాత్రమే తప్పుగా ఎంచబడుచున్న పని ఏదైన ఉన్నదా?
3. నిజముగా ఒప్పుకొని సరిదిద్దవలసినది ఏదైన మిగిలియున్నదా?

ప్రార్థనాంశము: పొలములు అమ్ముకొన్న వృద్ధుల మనశ్శాంతి నిమిత్తమును, త్వరగా ధనవంతులు కాగోరు యౌవనుల వివేకము నిమిత్తమును ప్రార్థింతము.